కంచె బయటి మొక్కలు

పువ్వు చీల్చి చూస్తే లోపల గింజ కనపడిందని, తోట నడిపించే చెంచురామయ్య ముఖం మాడిపోయిందని చెప్పి పోయిన వారం మిమ్మల్ని తోటలోనే వదిలేశాను. గింజ కనపడితే అంత కొంప మునిగిందేముందని కొందరు అడిగారు. అడగాల్సిందే. ముందు ఆ సంగతి తేల్చుకుని, తర్వాత షెడ్డులోకి పోదాం.

గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మందుల కంపెనీ కొనేది ఆడ మొక్క పువ్వును. ఆ పువ్వులో గింజ ఉండకూడదు. దగ్గరలో ఎక్కడ మగ మొక్క పూసినా దాని పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి ఆడ పువ్వుల మీద పడుతుంది. పువ్వు గింజ కడుతుంది. ఇక కంపెనీ ఆ సరుకు వంక కన్నెత్తి కూడా చూడదు. చెంచురామయ్య తోట తోటంతా గింజ కట్టింది. పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే, కంచె అవతల ఎర్రవాగు ఒడ్డున, రెల్లుగడ్డి మధ్యలో, మనిషెత్తు మగ మొక్కలు బారుగా పూసి ఉన్నాయి.

పోయినేడాది సర్కారు లైసెన్సు సాగు తెచ్చింది. మందుల కోసం గంజాయి పండించుకోవచ్చు. లైసెన్సు ఉండాలి, చుట్టూ కంచె ఉండాలి. కంచె లోపల మొలిస్తే అది మందు. జానెడు అవతల మొలిస్తే పాత చట్టమే, పాత జైలే. ఈ జానెడు తేడాతో ఎవరు బాగుపడ్డారో మా పినపాక వైపు వచ్చి చూడండి. కొండల మీదుగా గంజాయి మూటలు మోసి బతికినవాళ్ళ సరుకును ఇప్పుడు అడిగే నాథుడు లేడు. బెయిళ్ళ మీద బతికిన భద్రాచలం వకీళ్ళు భూమి తగాదాల మీద పడ్డారు. మూటల డబ్బుతో రేకులిళ్ళు వేసుకున్న లచ్చతండా మగవాళ్ళు అదే ఆకు మధ్యన వంగి రోజు కూలికి కలుపు తీస్తున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళతో దొంగతనంగా మూటలు మోయించిన చెంచురామయ్య మాత్రం దర్జాగా రైతు అయి కూర్చున్నాడు. సత్తుపల్లిలో పామాయిల్ తోటలు, ఇక్కడ ఈ తోట.

ఏజెన్సీలో భూమి గిరిజనుల చేతిలోనే ఉండాలి. అందుకని లైసెన్సు తండాకు పెద్ద అయిన నాయక్ బిచ్యా పేరు మీద తీశారు. పొలం బిచ్యాది, పేరు బిచ్యాది, తప్పు జరిగితే జైలు కూడా బిచ్యాదే. పంట డబ్బు చెంచురామయ్యది. ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. చదివే మీకు మండకపోతే మీ ఇష్టం.

బిచ్యా చెల్లెలు మంగ్లి. ఆమె మొగుడు బలరాం ఒక మూటతో దొరికిపోయి నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఆ మూట చెంచురామయ్యదని తండా అంతటికీ తెలుసు. బలరాం మాత్రం అంతకాలంలో ఒక్కనాడు కూడా ఆ పేరు పైకి అనలేదు. అందుకు చెంచురామయ్య చూపించిన విశ్వాసం ఏమిటంటే, గంజాయి కేసున్నవాడు లైసెన్సు తోటలో కాలు పెట్టరాదన్న నిబంధన చదివి వినిపించి అతన్ని గేటు దగ్గరే ఆపించాడు. ఇల్లు గడవాలి కాబట్టి మంగ్లి ఆ తోటలోనే పనికి కుదిరింది. వరసల మధ్య తిరుగుతూ ఎక్కడైనా మగ మొక్క తల ఎత్తితే పీకి పారెయ్యడం ఆమె పని. బిడ్డ సంగీత కొత్తగూడెంలో నర్సింగ్ ఆఖరి ఏడాది చదువుతోంది.

ఇక వాగొడ్డుకు ఆ మొక్కలు ఎట్లా వచ్చాయో తండాలో ఎవరిని అడిగినా చెబుతారు. శ్రావణంలో తీజ్ పండుగ వస్తుంది. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లి, పాటలు పాడుకుంటూ రోజూ నీళ్ళు పోస్తారు. ఎవరి బుట్టలో మొలక ఏపుగా వస్తే ఆ పిల్ల రాత అంత బాగుంటుందని నమ్మకం. ఆఖరి రోజున మొలకలను వాగులో కలుపుతారు. ఈ ఏడు మర్యాదకని చెంచురామయ్య కోడలు ప్రమీలారాణిని పండుగకు పిలిచారు. తోట వ్యవహారమంతా చూసేది ఆమే. మొదటి పిడికెడు మీరు చల్లండమ్మా అని సంగీత బుట్టను ముందు పెట్టారు.

గోధుమలెందుకు, మన కొత్త పంటే చల్లుదాం, మంచి జరుగుతుంది అని ఆమె కారులోంచి ఒక సంచి తెప్పించింది. కంపెనీ మొదట్లో పంపిన నాసిరకం విత్తనం అది. ఆడా మగా కలిసిపోయి ఉంటుంది, తోటకు పనికిరాదు. పనికొచ్చే విత్తనాన్ని పండుగల పాలు చేసేంత పిచ్చిది కాదు ప్రమీలారాణి. పిడికెడు చల్లి, పెట్టిన పాయసం తిని వెళ్ళిపోయింది. సంగీత మురిసిపోతూ ఆ మొలకలకు నీళ్ళు పోసి, ఆఖరి రోజున తలమీద పెట్టుకుని తీసుకెళ్ళి వాగులో కలిపింది. నీళ్ళు తగ్గాక అవి ఒడ్డున వేళ్ళూనుకున్నాయి.

అదీ కథ. ఇప్పుడు షెడ్డులోకి రండి.

తండాలో ఏ పంచాయితీ అయినా వాళ్ళ దైవం సేవాలాల్ గుడి ముందు, తెల్లజెండా కింద జరుగుతుంది. అక్కడ కూర్చుని అబద్ధమాడితే ఇంటికి అరిష్టమని వాళ్ళ భయం. ఇన్నేళ్ళు వాళ్ళ మధ్య మసిలిన చెంచురామయ్యకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే గుడి దగ్గర వద్దని అందరినీ పువ్వు ఆరబెట్టే షెడ్డులో కూర్చోబెట్టాడు. పాపం, అబద్ధమాడటానికి వాళ్ళు ఇబ్బంది పడకూడదని.

మధ్యాహ్నం భోజనాల వేళకు బీమా కంపెనీ సర్వేయరు వస్తాడు. బయటివాళ్ళ నేరం వల్ల పంట పాడయితే బీమా వస్తుంది. తోటవాళ్ళ తప్పయితే పైసా రాదు, లైసెన్సు పోతుంది, లైసెన్సుదారు మీద కేసు. కాబట్టి ఒక బయటి మనిషి కావాలి. చెంచురామయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గొంతు పెంచకుండా, పిల్లలకు ఎక్కాలు చెప్పించినట్టు మొదలుపెట్టాడు.

"భద్రూ, నువ్వు చెప్పు. వాగొడ్డున ఆ మొక్కలు ఎవరు పెట్టారు?"

భద్రు తండాలో పెద్దమనిషి. తలపాగా సర్దుకుని లేచాడు. "తీజ్ బుట్టల పోసినయ్ అయ్యగారు, సంగీత వాగుల..."

"పండగ కబుర్లెందుకు? ఎవరు పెట్టారని అడిగాను."

"సంగీత."

"ఏ సంగీత? తండాలో ఒక్కతేనా?"

"బలరాం బిడ్డ సంగీత."

"ఆ బలరాం ఎవరు?"

పువ్వు ఏరే బల్ల దగ్గర మంగ్లి ఉంది. భద్రు అటు చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాడు. "గంజాయి కేసుల పోయొచ్చిన బలరాం," అన్నాడు.

"అదీ. ఇప్పుడు మొత్తం ఒక్క ఊపున చెప్పు."

"గంజాయి కేసుల పోయొచ్చిన బలరాం బిడ్డ సంగీత పెట్టింది."

"బాగుంది. ఇంకోసారి."

భద్రు ఇంకోసారి చెప్పాడు. రెండోసారికి గొంతు సాఫీ అయింది. అబద్ధానికి అలవాటు పడటానికి మనిషికి ఎంతోసేపు పట్టదు, అదే నాకు రోత.

తర్వాత జంపక్క వంతు. పెద్ద వయసు, లోకం తెలియని మనిషి. ఉన్నది ఉన్నట్టు అనేసింది. "చల్లింది అమ్మగారే కద."

ప్రమీలారాణి నవ్వింది. ఆమె నవ్వు బాగుంటుంది. "నేనెప్పుడు చల్లాను జంపక్కా?"

"తీజ్ నాడు అమ్మగారు. గా పొద్దు మీరు..."

"మీ అబ్బాయికి డ్రైవరు పని ఎవరిచ్చారు?"

"మీరే ఇచ్చిన్రు."

"మరి నేనెప్పుడు చల్లాను?"

జంపక్క కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు కండ్లు సక్కగ అవుపడయి అమ్మగారు. ఎవలు చల్లిన్రో ఏమో."

"అంతే చెప్పు. ఎక్కువ అక్కర్లేదు."

ఒక్కొక్కరే లేచారు, ఒక్కొక్కరే చెప్పారు. తండాలో సగం మందికి ఈ తోటే తిండి పెడుతోంది. మూటల కాలం పోయింది, అడవి సరుకు కొనేవాడు లేడు, పోడు భూమిని కంచె మింగింది. ఈ గేటు మూతపడితే సత్తుపల్లి బొగ్గు లారీల దగ్గరికో, బోనకల్ వైపు మిరప ఏరడానికో పోవాలి. ఇదంతా వాళ్ళ కడుపులకు తెలుసు కాబట్టి నోళ్ళు వాటంతట అవే తిరిగాయి. తప్పు పట్టగలిగినవాళ్ళు పట్టండి.

మంగ్లి చేతిలో పువ్వు అట్లాగే ఉంది. తన అన్న వైపు తిరిగింది. అన్నను ఆమె వాళ్ళ భాషలో భియా అంటుంది.

"భియా, నువ్వన్న చెప్పు. అది నీ మేనకోడలు. మొలకలు నీ ముందల్నే పట్కపోయింది."

బిచ్యా నేల చూపులు చూశాడు. "నేను ఏం చెయ్యాలె మంగ్లీ. లోపలి తప్పంటే లైసెన్సు నా పేర ఉంది, నన్ను తీస్కపోతరు. నేను పోతే తండాకు పని లేదు. నీక్కూడ లేదు."

"అందుకని పోరిని పంపుతవా?"

"మీ ఇంటికి కేసు కొత్త గాదు కద," అన్నాడు బిచ్యా.

ఆ మాట అన్నాక అతనికే సిగ్గేసిందేమో, బీడీ కోసం జేబు తడుముకున్నాడు. షెడ్డులో నిప్పు ముట్టించకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీశాడు. మంగ్లికి అన్నం పెట్టిన చెయ్యి అది. మొగుడు జైలుకు పోయిన రోజున అత్తగారి తండా తరిమేస్తే తలుపు తీసి లోపలికి పిలిచిన అన్న ఇతనే. అందుకే ఆ మాట ఆమెకు కత్తితో కోసినట్టయింది.

చెంచురామయ్య మెత్తగా అందుకున్నాడు. "ఏడవకు మంగ్లీ. ఆడపిల్ల, చదువుకునే పిల్ల, జడ్జిగారికి జాలేస్తుంది. మంచి వకీలుని నేనే పెడతా."

"చదువంటావా, తర్వాతైనా చదువుకోవచ్చు," అంది ప్రమీలారాణి. "అంతగా అయితే తోటలోనే ఏదో ఒక పని చూద్దాం."

"కేసున్నోళ్ళను తోటలకు రానియ్యరు కద అమ్మగారు," అంది మంగ్లి.

ప్రమీలారాణి మామగారి వంక చూసింది. ఆయన అందుకున్నాడు. "నువ్వూ ఒక్కమాట చెబితే బావుంటుంది. కన్నతల్లి నోట వచ్చిందనుకో, ఇక తిరుగుండదు."

"నా నోట రాదు."

"రాకపోతే పోనీలే. నోరు మూసుకుని ఉండు, అదే పదివేలు."

"పోరి కొత్తగూడెంల ఉంది. ఆమెను అడగకుండనే పేరు పెడ్తరా?"

దీనికి బిచ్యా జవాబు చెప్పాడు, గోడకు చెబుతున్నట్టు. "వస్తున్నది. పొద్దుగాల ఫోన్ చేసిన. యాడికి బాగలేదు, జల్దీ రమ్మన్న."

మంగ్లి కూర్చుండిపోయింది. యాడి అంటే అమ్మ. అమ్మకు బాగలేదంటే ఆ పిల్ల ఆగదని బిచ్యాకు తెలుసు. ఎత్తుకుని పెంచిన మామ కదా, ఎక్కడ నొక్కితే పిల్ల కదులుతుందో ఆయనకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది.

ఇంతలో గేటు బయట కారు ఆగింది. సర్వేయరు అనిల్‌కుమార్ దిగాడు. హైదరాబాద్ మనిషి, బూట్లకు బురద అంటితే ముఖం చిట్లించే రకం. అతని వెనక సీట్లోంచి సంగీత దిగింది.

"పినపాక సెంటర్లో దారి అడిగితే ఈ అమ్మాయే అటే పోతున్నానంది," అన్నాడు అనిల్‌కుమార్ చేతులు జోడిస్తూ. "దారిలోనే, వాగు దగ్గర మొక్కలు కూడా కారులోంచి తనే చూపించింది. మంచి పిల్లండీ."

సంగీత పరుగున వచ్చి తల్లి నుదుటి మీద చెయ్యి వేసింది, మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "జరం లేదు కద యాడీ. మామ దవాఖానాకు తీస్కపోవాలె అన్నడు?"

మంగ్లి ఏదో అనబోయింది. బిచ్యా ఆమె భుజం మీద చెయ్యి వేసి అదిమి పట్టాడు. చూసేవాళ్ళకు ఓదార్చినట్టే ఉంది.

అనిల్‌కుమార్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. కాలయాపన అతనికి ఇష్టం ఉండదు. "అమ్మా, ఇందాక కారులో చెప్పావు కదా, అదే ఇంకోసారి చెప్పు. వాగు ఒడ్డున ఉన్న మొక్కలు ఎవరు వేశారు?"

"నేనే సార్," అంది సంగీత.

తిప్పి తిప్పి వల్లె వేయించిన చెంచురామయ్య ఒక్క క్షణం బిత్తరపోయాడు. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. పండుగ గురించి పట్నం సారు అడుగుతున్నాడని దాని సంబరం.

"ఎవరైనా వేయించారా?"

"లేదు సార్, నా తీజ్. నా చేతుల్తోనే కలిపిన. అందరి పోరీల బుట్టలకంటె నాదే ఎత్తు వచ్చింది. గిట్ల, జానెడు. యాడి గూడ గంత ఎత్తు ఎన్నడు చూడలే అన్నది."

"అది ఏం మొక్కో తెలుసా?"

"తెల్వదా సార్? గీ తోటలదే కద."

భద్రు తల వంచుకున్నాడు. జంపక్క కొంగు ఇంకా నోటి దగ్గరే ఉంది. ఇంతమంది ఇంతసేపు అబద్ధం నేర్చుకున్నారు, పిల్ల వచ్చి నిజమే చెప్పి తన మెడకు తానే ఉరి వేసుకుంది.

అనిల్‌కుమార్ మాత్రం వదల్లేదు. ఎక్కడ ఏ లోపం దొరికితే బీమా ఎగ్గొట్టవచ్చా అని చూడటానికే అతనికి జీతం ఇస్తారు. "విత్తనం ఎక్కడిది?"

"ప్రమీలమ్మగారు చల్లింది సార్. మొదటి పిడికెడు."

"నేనా?" అంది ప్రమీలారాణి. "నేను మీ పండక్కి రాలేదే తల్లీ. బాగా గుర్తు తెచ్చుకో, ఎవరిచ్చారో. మీ నాన్న దగ్గర పాత విత్తనం ఏమైనా మిగిలిందా?"

"మీరే కద అమ్మగారు. పాయసం గూడ తిన్నరు." సంగీత నవ్వబోయి, ఆగి, చుట్టూ చూసింది. "భద్రు తాతా, నువ్వుంటివి కద. చెప్పు."

భద్రు లేచాడు. ఒక్క ఊపున చెప్పాడు. "గంజాయి కేసుల పోయొచ్చిన బలరాం బిడ్డ సంగీత పెట్టింది."

"జంపక్కా?"

"నాకు కండ్లు అవుపడయి బిడ్డా."

సంగీత అందరి ముఖాలూ చూసుకుంటూ వచ్చి మేనమామ దగ్గర ఆగింది. ఇక్కడ బిచ్యా మౌనంగా ఉంటే సరిపోయేది. ఎవరూ అతన్ని అడగలేదు. అయినా నోరు విప్పాడు. "ఎన్నో తీర్ల చెప్పిన సారూ, గా మొక్కల జోలికి పోకు అని. వినలే. తండ్రి బుద్ధులు."

ఇది ఎవరూ నేర్పించని మాట. చెంచురామయ్య కూడా మెచ్చుకోలుగా చూశాడు. తనను ఎందుకు పిలిపించారో ఆ పిల్లకు అప్పటికి అర్థమయింది. ఏడవలేదు, అరవలేదు. "మామా," అని మాత్రం అంది, అదీ వినపడీ వినపడనట్టు.

మంగ్లి భుజం మీది చేతిని తీసేసి లేచి నిలబడింది.

"సారూ, ఫోన్ బంద్ చెయ్యకు. వాగొడ్డున మొక్కలు పూసింది మొన్న మొన్న. తోటల పువ్వు గింజ కట్టింది గంతకంటె ముందే. పోరి మొక్కలకూ దీనికీ లెక్క కలవది."

"మంగ్లీ, కూర్చో," అన్నాడు చెంచురామయ్య.

"మగ మొక్క లోపల్నే ఉంది. నడువుండ్రి, చూపిస్త."

అనిల్‌కుమార్ కళ్ళలోకి వచ్చిన వెలుగు చూడాలి. తప్పు లోపలిదైతే కంపెనీ పైసా కట్టక్కర్లేదు. బూట్ల సంగతి కూడా మరిచిపోయి ఆమె వెంట పడ్డాడు. వెనకాలే అందరూ. బోరు మోటారు గది దాటి, ఎత్తయిన వరసల మధ్యకు దూరి, పట్టాభూముల వైపు కంచె దగ్గర, ఎవరూ తిరగని మూలన మంగ్లి ఆగింది. రెండు ఆడ మొక్కల కొమ్మలు చెరో పక్కకు వంచి పట్టుకుంది.

మధ్యలో ఒక మగ మొక్క ఉంది. పుప్పొడి అంతా రాల్చేసి ఎండు మొహం పట్టింది. గాలికి పడిపోకుండా దానికి వెదురు కర్ర పాతి, పాత లంగా గుడ్డ చింపి కట్టారు. ఆ పేలికకు ఒక అద్దం బిళ్ళ ఇంకా అంటుకుని ఉంది. మొదట్లో నీళ్ళు నిలవడానికి పాదు కూడా చేశారు.

అనిల్‌కుమార్ దగ్గరగా చూడాలని, చేతిలోని ఫోన్‌ను పక్కనున్న సంగీతకు ఇచ్చాడు. "ఇట్లా పట్టుకో అమ్మా, ఆపకు." వంగి పూల గుత్తి నలిపి చూశాడు. "మగ మొక్కలు పీకడం ఎవరి పని?"

"నా పని," అంది మంగ్లి.

"మరి దీన్ని పీకలేదే?"

"పీకలే. సాకిన."

"ఎందుకు?"

కంచె అవతల బలరాం నిలబడి ఉన్నాడు. బిడ్డ కారు దిగడం చూసి వచ్చినట్టున్నాడు, లోపలికి రావడానికి లేదు కాబట్టి కంచె పట్టుకుని నడుచుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు. మంగ్లి అతని వైపే చూస్తూ చెప్పింది. "వీళ్ళ మూట మోసి నా మొగడు నాలుగేండ్లు జైల్ల మగ్గిండు. పేరు చెప్పలే. గీ గేటు కాడికొస్తే కుక్కను తోలినట్టు తోలిన్రు. అందుకే సాకిన. తోటంత మట్టిగొట్టుకపోవాలని సాకిన."

ఇన్ని నెలలు కూలికి వచ్చి, తల వంచుకుని, అమ్మగారూ అంటూ వరసల మధ్య తిరిగిన మనిషి ఆమె. తండా బువ్వలో మట్టి పోశానని ఆమెకు తెలియదా, తెలుసు. అన్న పేర కేసు పడుతుందని తెలియదా, అదీ తెలుసు. ఆ మూలకు వచ్చి నీళ్ళు పోసిన ప్రతిసారీ తెలుసు. మంగ్లిని మంచిదాన్ని చేసి చూపించాలని నాకేం లేదు.

అనిల్‌కుమార్ చేతులు దులుపుకుని లేచాడు. "క్లెయిమ్ రాదండీ. ఇది లోపలి తప్పు. లైసెన్సుదారు మీద కేసు పెట్టాల్సి వస్తుంది. ఎవరి పేరు మీద ఉంది?"

చెంచురామయ్య ఆలోచించడానికి రెప్పపాటు కూడా తీసుకోలేదు. డబ్బు పోయిందని తేలిపోయింది, ఇక ఒళ్ళు కాపాడుకోవాలి. "నాకేం సంబంధం బాబూ. పెద్దవాణ్ని, అడిగితే సలహా చెబుతాను, అంతే. పొలం బిచ్యాది. పంట బిచ్యాది. లైసెన్సు బిచ్యాది. ఈ కంచె, షెడ్డు అన్నీ అతనివే. మీ వీడియోలో అలాగే రానివ్వండి."

భద్రు బిచ్యా పక్కనుంచి రెండడుగులు జరిగాడు. జంపక్క కూడా జరిగింది. ప్రమీలారాణి చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని గట్టు మీదికి ఎక్కింది. వరసల మధ్య బిచ్యా ఒంటరిగా మిగిలాడు. చెల్లెలి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"కేసు ఇప్పుడు నీ ఇంటికొచ్చింది భియా," అంది. "జాగా చూసి కూసోవెట్టు."

బిచ్యా సంగీత వైపు తిరిగాడు, ఆ పిల్ల కళ్ళలోకి చూసే ధైర్యం లేక ఆమె చేతిలోని ఫోన్ వైపు చూశాడు. "బిడ్డా, అయ్యగారు ఇప్పుడు అన్నది ఫోన్ల పడ్డదా?"

"పడ్డది," అంది సంగీత.

"పొలం నాదన్నరు. పంట నాదన్నరు. షెడ్డు, కంచె నావన్నరు. అన్ని పడ్డయా?"

"అవ్. అన్ని పడ్డయ్."

"అయితే రాసుకో సారూ." బిచ్యా అనిల్‌కుమార్ వైపు తిరిగాడు. "కేసు నా మీదనే రాయి, నేనే పోత. పోయేముందు ఒక్కటి. నా పొలంల ఈయనకు, ఈ అమ్మగారికి ఏం పని? బయటికి నడువుమను. పంట ఖరాబైనా భూమి ఖరాబు గాలే. నా తండాకు అది మిగలాలె."

వరసల్లో నిలబడ్డ తండా జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెంచురామయ్య నోటితోనే చెంచురామయ్య భూమి పోగొట్టుకున్నాడని అందరికంటే ముందు అర్థమయింది అతని కోడలికి. "మావయ్యగారూ," అంది.

ముసలాయన ఏమీ తొణకలేదు. కండువాతో మెడ తుడుచుకున్నాడు. "గేటుకి తాళం వేయించమ్మా ప్రమీలా. సారు భోజనం చెయ్యకుండా ఎలా వెళ్తారు."

ప్రమీలారాణి చెయ్యి ఊపగానే గేటు దగ్గర కాపలా వాళ్ళు గొలుసు వేసిన చప్పుడయింది. అనిల్‌కుమార్ అటు చూసి, మళ్ళీ చెంచురామయ్య ముఖం చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన అతన్ని పట్టించుకోకుండా నెమ్మదిగా నడిచి సంగీత దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపాడు.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వు తల్లీ. ఎండకి వేడెక్కినట్టుంది."

సంగీత ఇవ్వలేదు. ఫోన్‌ను గుండెలకు అదుముకుని, కంచె తీగ వీపుకు తగిలేదాకా వెనక్కి జరిగింది. ముందు చెంచురామయ్య, ఆయన వెనక పరుగెత్తుకొస్తున్న తోట కాపలా వాళ్ళు. వెనక నుంచి, ముళ్ళతీగ సందులోంచి, నెత్తురు కారుతున్న చెయ్యి ఒకటి లోపలికి వచ్చి ఆమె భుజాన్ని తాకింది.

"నాకియ్యి బిడ్డా," అన్నాడు బలరాం. "ఈసారి పేరు చెప్త."